తాళంచెవి ఎవరి దగ్గర? క్రీడోత్సవాలు, నగరం, నేల



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో మీ అందరికీ తెలుసు. నేను మాత్రం ఆ పేరు పలకను, మా ఊళ్లో ఎవరూ పలకలేదు కనుక. మాకు మాస్టారంటే లెక్కల మాస్టారూ కాదు, తెలుగు మాస్టారూ కాదు, డ్రిల్లు మాస్టారే. ముప్పై ఏళ్లకు పైగా ఒకే హైస్కూల్లో పనిచేశారు. ఆయన శిష్యులు కూడబెట్టిన నిధి మీద వచ్చే వడ్డీతో ఏటా స్కూలు పిల్లలకు బూట్లు కొంటున్నారు. మిగిలిన డబ్బుతో ఈ సభ జరుగుతోంది. బూట్లు ముందు, సభ తర్వాత. మాస్టారు బతికుంటే ఆయనా ఇదే వరస పెట్టేవారు.

ఈ ఏడు నేను మాట్లాడబోయేది ఆయన నన్ను ఒకసారి అడిగిన ప్రశ్న గురించి. ఆరోజు నేను జవాబు చెప్పలేకపోయాను.

2002 డిసెంబరు. హైదరాబాదులో 32వ జాతీయ క్రీడలు జరుగుతున్నాయి. మాస్టారు మా ఊరి నుంచి రాత్రి బస్సెక్కి, తెల్లవారేసరికి చేతిసంచీతో మా ఇంటి గుమ్మంలో ఉన్నారు. అథ్లెటిక్స్ చూడాలన్నారు. గచ్చిబౌలి అప్పటికి ఊరికి బాగా దూరం. దారికి రెండు వైపులా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్లు, తుమ్మచెట్లు, సీతాఫలం పొదలు. ఆ రాళ్ల మధ్య కొత్త స్టేడియం. అదే ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు దానికి.

పోటీలు ముగిసి జనం పలచబడ్డాక మాస్టారు ఒక వాలంటీరును బతిమాలి ట్రాక్ అంచు దాకా వెళ్లారు. చెప్పులు విడిచారు. కూర్చుని ఆ ఎర్రటి సింథటిక్ ట్రాక్‌ను బొటనవేలితో నొక్కి చూశారు. "నొక్కితే మళ్లీ పైకి లేస్తోందిరా!" అన్నారు. మా స్కూల్లో ఆయన ట్రాక్ గీసే పద్ధతి వేరు. రెండు మేకులు, ఒక నులకతాడు, బొక్కెనలో సున్నం. వంగిన నడుం ఎత్తకుండా రెండు వందల మీటర్ల చుట్టు గీసేవారు. వానొస్తే అది పోయేది. మర్నాడు మళ్లీ గీసేవారు. అలాంటి మనిషి ఆ ట్రాక్ పక్కన చాలాసేపు కూర్చున్నారు. లేస్తూ, ఖాళీ అవుతున్న గ్యాలరీల వంక చూసి అడిగారు: "ఒరేయ్, ఈ ఆటలయ్యాక దీని తాళంచెవి ఎవరి దగ్గరుంటుందిరా?"

"గవర్నమెంటు దగ్గర, మాస్టారూ" అన్నాను.

"గవర్నమెంటంటే ఎవరు? పొద్దున ఎన్నింటికి గేటు తీస్తారు? పిల్లల దగ్గర ఎంత పుచ్చుకుంటారు?"

నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఈ ఇరవై ఏళ్లలో నగరాల గురించి చదివినప్పుడల్లా, రాసినప్పుడల్లా ఆ మూడు ప్రశ్నలూ నా వెంటే ఉన్నాయి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెద్ద క్రీడోత్సవానికి ఆతిథ్యమివ్వడమంటే ఆ రెండింటినీ ఒకే ముహూర్తానికి చేయబోవడం. పెళ్లికి ముహూర్తం దాటకూడదు. ఇంటికి పునాది ఆరాలి, గోడ తడవాలి, కాగితాలు సరిచూసుకోవాలి. ముహూర్తం తరుముతుంటే ఇంటిపని ఎలా సాగుతుందో ఇల్లు కట్టినవాళ్లందరికీ తెలుసు. నగరాల్లో కూడా అంతే. మామూలు రోజుల్లో ఒక ఫ్లైఓవర్ కట్టాలంటే పదేళ్లు చర్చ, అయిదేళ్లు కోర్టు. క్రీడలు వస్తున్నాయంటే అన్ని ఫైళ్లకూ రెక్కలొస్తాయి. ఇందులో మంచి ఉంది. ఎన్నాళ్లుగానో కాగితాల్లో మగ్గిన మంచినీటి లైన్లు, రోడ్లు, రైళ్లు గడువు పుణ్యమా అని పూర్తయిన నగరాలు ఉన్నాయి. చెడు కూడా ఆ గడువులోనే ఉంది. భూమి ఎవరిది, కూలి ఎంత, తర్వాత ఎవరు చూసుకుంటారు అని అడగబోయినవాడికి, ముందు ఆటలు కానివ్వండి, తర్వాత చూద్దాం అని చెబుతారు. ఆ 'తర్వాత'లో ఏం జరుగుతుందన్నదే ఈ రోజు నా విషయం.

ముందు ఢిల్లీ సంగతి. మొట్టమొదటి ఆసియా క్రీడలు 1951 మార్చిలో అక్కడే జరిగాయి. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లు కాలేదు. బ్రిటిష్ వాళ్లు 1930ల్లో కట్టిన ఇర్విన్ యాంఫీథియేటర్‌నే నేషనల్ స్టేడియంగా చేసుకుని పదకొండు దేశాలకు ఆతిథ్యమిచ్చాం. ఉన్నదానితో ఘనంగా చేసిన పెళ్లి అది. 1982 నాటికి మన తీరు మారింది. ఆ ఏడాది నవంబరు 19న మొదలైన ఆసియాడ్ కోసం జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, ఇంద్రప్రస్థ ఇండోర్ స్టేడియం, వరసపెట్టి ఫ్లైఓవర్లు, సిరిఫోర్ట్ దగ్గర వాస్తుశిల్పి రాజ్ రేవల్ రూపకల్పన చేసిన క్రీడాగ్రామం, అన్నీ కొత్తగా లేచాయి. మన ఇళ్లలోకి రంగుల టీవీ వచ్చింది కూడా ఆ ఏడాదే. ఆ క్రీడల చిహ్నమైన అప్పూ ఏనుగుపిల్ల బొమ్మ అప్పట్లో మా నోటుపుస్తకాల అట్టల మీద కూడా ఉండేది.

అప్పూ వెనక ఉన్న ఒక లెక్కను ఇప్పుడు చెబుతాను. ఆ నిర్మాణ పనుల్లో రోజుకు కనీస కూలి 9 రూపాయల 25 పైసలు. కూలీలను రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒరిస్సాల నుంచి తోలుకొచ్చిన జమాదార్లు మనిషికి రోజుకో రూపాయి కోసుకుని 8 రూపాయల 25 పైసలు చేతిలో పెట్టేవారు. రూపాయే కదా అనిపించవచ్చు. తొమ్మిది రోజులు రాళ్లు మోస్తే ఒక రోజు కూలి దాదాపు మొత్తం జమాదారుదన్నమాట. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రాటిక్ రైట్స్ అనే పౌరహక్కుల సంఘం ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తల చేత ఆ పనిస్థలాల్లో విచారణ చేయించి, వాళ్ల నివేదికను జత చేసి సుప్రీంకోర్టు న్యాయమూర్తి పి.ఎన్. భగవతికి ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1982 సెప్టెంబరు 18న తీర్పు వచ్చింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని చెప్పింది. మెడ మీద కత్తిపెట్టి చేయించిందే వెట్టి కాదు, ఆకలి తోసుకొచ్చినా అది వెట్టే. నిర్మాణ పని ప్రమాదకరమైనది కనుక పద్నాలుగేళ్ల లోపు పిల్లలను అందులో పెట్టకూడదని కూడా తేల్చింది. ఆటలు మొదలవడానికి అప్పటికి రెండు నెలలుంది.

దేశంలోని ఏ ఆనకట్ట పనిలో చూసినా పాలమూరు కూలీలు కనిపించిన కాలం మనకు గుర్తే. ఉత్తరాంధ్ర నుంచి వలసపోయిన మేస్త్రీలు, కూలీలు ఇవాళ దేశమంతటా ఉన్నారు. వాళ్ల కూలి లెక్క ఎక్కడ కోర్టుకెక్కినా ఈ తీర్పు పేరు వినిపిస్తుంది. ఆసియాడ్ ఢిల్లీకి స్టేడియాలను ఇచ్చింది. దేశానికి ఈ తీర్పును ఇచ్చింది. నా దృష్టిలో ఆ ఏడాది కట్టిన కట్టడాలన్నింటిలో గట్టిది అదే.

ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత అదే నగరంలో 2010 కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. వాటి గురించి చాలామంది చాలా రాశారు, క్లుప్తంగానే చెబుతాను. మొదలవడానికి పన్నెండు రోజుల ముందు నెహ్రూ స్టేడియం దగ్గర కాలినడక వంతెన కూలింది. మురికివాడలు అతిథుల కంట పడకుండా రోడ్ల వెంట రంగురంగుల తెరలు కట్టారు. మొత్తం ఖర్చును కాగ్ 18,532 కోట్ల రూపాయలుగా లెక్కగట్టింది. యమున ఒడ్డున, నది పొంగితే నీళ్లు పరుచుకునే నేల మీద, 1,168 ఫ్లాట్లతో క్రీడాగ్రామం లేచింది. ఒప్పందం ప్రకారం అందులో మూడింట రెండు వంతులు కట్టిన కంపెనీ అమ్ముకోవడానికి, ఒక వంతు ఢిల్లీ అభివృద్ధి సంస్థకు. మాస్టారి ప్రశ్నకు అక్కడ జవాబు కాగితం మీద ముందే రాసిపెట్టి ఉంది. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఎస్సీ ఉపప్రణాళిక కింద దళితుల బాగుకు ఖర్చుపెట్టాల్సిన వందల కోట్లు ఆ క్రీడల పనులకు మళ్లాయి. అది తప్పేనని కేంద్ర హోంమంత్రి చిదంబరం రాజ్యసభలో ఒప్పుకోవాల్సి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత సంఘాల పోరాటం ఫలితంగా 2013లో ఉపప్రణాళిక నిధుల చట్టం వచ్చినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ రాజ్యసభ మాటే.

ఇప్పుడు మన గచ్చిబౌలికి వద్దాం.

గచ్చుతో కట్టిన దిగుడుబావి ఉన్నందున ఆ ఊరికి ఆ పేరు వచ్చిందని అంటారు. బౌలి అంటే దిగుడుబావే. పక్కనే కంచ గచ్చిబౌలి. కంచ అంటే కోస్తా వాళ్లు ముళ్లకంచె అనుకుంటారు. తెలంగాణలో కంచ అంటే సాగుచేయకుండా పశువుల మేతకు వదిలిన నేల, ఊరందరిదీ అయిన నేల. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత కుదిరిన ఆరు సూత్రాల ఒప్పందం ఫలితంగా 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు, ఈ ప్రాంతంలోనే దానికి సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. పావు శతాబ్దం పాటు అక్కడ చదువు, జింకలు, నెమళ్లు, బండరాళ్లు తప్ప పెద్దగా ఏమీ లేవు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. అదే ఏడాది ట్రిపుల్ ఐటీ వచ్చింది. 2001లో ఐఎస్‌బీ మొదలైంది, సైబరాబాద్ అభివృద్ధి సంస్థ కూడా అప్పుడే పుట్టింది. ఇదంతా జరుగుతుండగా జాతీయ క్రీడలు వచ్చాయి. వాటి వెనకే 2003 అక్టోబరులో మొదటి ఆఫ్రో ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు. కనుక ఆటలే గచ్చిబౌలిని కట్టాయని నేననను. ఐటీ ఎలాగూ వచ్చేది, దాని వెంట రోడ్లూ వచ్చేవి. ఆటలు చేసిన పని వేరు. ఎకరం ధర ఆకాశాన్నంటబోతున్న చోట, అంటకముందే, ఒక అథ్లెటిక్స్ స్టేడియానికి, ఈతకొలనుకు, హాకీ మైదానానికి, ఇండోర్ హాలుకు ప్రజల నేలను ప్రజల పేరు మీదే కట్టిపడేశాయి. పదేళ్లు ఆలస్యమైతే ఆ నేలలో అద్దాల మేడలు లేచేవి. ఇందుకు నేను ఆ క్రీడల నిర్వాహకులకు మనస్ఫూర్తిగా కృతజ్ఞత చెబుతాను. ఆ ఆవరణలో క్రీడాకారుల బస కోసం కట్టిన పద్నాలుగు అంతస్తుల భవనం 2020 ఏప్రిల్‌లో, కరోనా మన గుమ్మాలు తడుతున్నప్పుడు, కొద్దివారాల్లో తెలంగాణ వైద్య విజ్ఞాన సంస్థ ఆసుపత్రిగా మారింది. భవనం ప్రభుత్వం చేతిలోనే మిగిలింది గనుకే అది సాధ్యమైంది. తాళంచెవి అమ్ముడుపోలేదు.

పక్కనే రెండో కథ నడిచింది. 2003 ఆగస్టులో, ఆఫ్రో ఏషియన్ క్రీడలకు రెండు నెలల ముందు, నాటి ప్రభుత్వం ఐఎంజీ భారత అనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. అకాడమీలు పెడతాం, హైదరాబాదును ప్రపంచ స్థాయి క్రీడలకు కేంద్రం చేస్తాం అన్నది మాట. దానికి ప్రతిఫలంగా సుమారు 850 ఎకరాలు. కంచ గచ్చిబౌలిలో 400, శంషాబాద్ దాపున మామిడిపల్లిలో 450. ఎకరం యాభై వేల రూపాయలు. నగరంలోని స్టేడియాల నిర్వహణ కూడా ఆ ఒప్పందంలో భాగమే. అంటే తాళంచెవుల గుత్తి మొత్తం. 2004లో ప్రభుత్వం మారింది. 2006లో కొత్త ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. కంపెనీ కోర్టుకెళ్లింది. హైకోర్టులో కేసు తేలేసరికి 2024 మార్చి వచ్చింది. రద్దు సరైనదేనని కోర్టు చెప్పింది. మేలో సుప్రీంకోర్టు కూడా దాన్ని కాదనలేదు. ఈలోగా రాష్ట్రం రెండైంది, అయిదారుగురు ముఖ్యమంత్రులు మారారు, నాటి జాతీయ క్రీడల్లో పరిగెత్తినవాళ్ల పిల్లలు కాలేజీల్లో చేరారు. ఆ 850 ఎకరాల్లో ఒక్క పందెం జరగలేదు. ఒక్క గోల్ పడలేదు.

నేల తిరిగి ప్రభుత్వానికి వచ్చింది. వచ్చినది కంచగా మిగిలిందా? కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను పరిశ్రమల మౌలిక వసతుల సంస్థకు అప్పగించారు. 2025 మార్చి చివర్లో బుల్డోజర్లు దిగాయి. ఆ నేల మాదని విశ్వవిద్యాలయం విద్యార్థులు, అధ్యాపకులు; కాదు, రికార్డుల ప్రకారం ప్రభుత్వానిదేనని ప్రభుత్వం. రాత్రిపూట లైట్ల వెలుగులో చెట్లు కూలుతుంటే నెమళ్లు అరిచిన వీడియోలు మీరంతా మీ ఫోన్లలో చూసే ఉంటారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని పనులు ఆపించింది. అప్పటికే దాదాపు వంద ఎకరాల్లో చెట్లు పోయాయని కోర్టు పంపిన అధికారి నివేదిక ఇచ్చారు. ఆ రోజుల్లో టీవీ చర్చల్లో ఐటీ పార్కు గురించి మాట్లాడారు, పర్యావరణం గురించి మాట్లాడారు. ఈ నేల మొదట ఎవరి మేత నేల, ఏ పేరు చెప్పి చేతులు మారింది అని అడిగినవాళ్లు తక్కువ. ఆట పేరు చెప్పి చేతులు మారింది. ఒకసారి కదిలిన నేల మళ్లీ కంచగా నిలబడటం ఎంత కష్టమో ఈ 400 ఎకరాలు చూపించాయి.

అదే గచ్చిబౌలిలో, అదే 2003లో ప్రభుత్వం ఇచ్చిన ఇంకొక నేల కథ చెప్పకపోతే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కు అకాడమీ కోసం అయిదెకరాలిచ్చారు. ఆయన సొంత ఇల్లు తాకట్టు పెట్టి, దాతల సాయం తీసుకుని 2008లో తలుపులు తెరిచారు. అక్కడ సాధన చేసిన సైనా నెహ్వాల్‌కు 2012 లండన్‌లో కాంస్యం, పి.వి. సింధుకు 2016 రియోలో రజతం. 850 ఎకరాల నుంచి మనకు మిగిలింది కోర్టు కాగితాల కట్ట. అయిదెకరాల నుంచి ఒలింపిక్ పతకాలు. ఇది విస్తీర్ణానికి సంబంధించిన విషయం కాదు. ఆ అయిదెకరాల గేటు ఎవరి కోసం, ఎన్ని గంటలకు తెరుచుకోవాలో ముందే నిర్ణయమైపోయి ఉంది.

ఇంకా ముందుకెళ్తే, నిజానికి ఈ పతకాలు గచ్చిబౌలిలో మొదలవలేదు. సైనా చిన్నప్పుడు రాజేంద్రనగర్ నుంచి తెల్లవారుజామునే వాళ్ల నాన్న స్కూటరు మీద లాల్ బహదూర్ స్టేడియానికి వచ్చేది. అది మొగలుల సేన గోల్కొండ ముట్టడి నాడు విడిది చేసిన ఫతేమైదాన్. ఊరి నడిబొడ్డున, బస్సులన్నీ పోయేచోట ఉన్న పాత మైదానం. సింధు మొదట ఆడింది సికింద్రాబాద్ రైల్వే సంస్థ కోర్టుల్లో. గచ్చిబౌలికి మారాక ఆ పిల్ల రోజుకు యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాల్సి వచ్చింది. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, కారుందీ, ఓపికుందీ కాబట్టి సాగింది. లేనివాళ్ల పిల్ల ఎక్కడ ఆగిపోయిందో మనకు తెలియదు. ఆటల కోసం నగరం అంచున కొత్త స్టేడియాలు కట్టుకుంటూ, నడుమన ఉన్న పాత మైదానాలను ప్రమాణస్వీకారాలకు, బహిరంగ సభలకు, ఎగ్జిబిషన్లకు వాడుకుంటూ పోతే జరిగేది ఇదే. స్టేడియాల లెక్క పెరుగుతుంది, పిల్లల కాళ్ల కింద మైదానం తగ్గుతుంది.

విదేశాల గురించి రెండే మాటలు. మన అధికారుల ప్రతి పవర్‌పాయింట్‌లోనూ బార్సిలోనా ఉంటుంది. 1992 ఒలింపిక్స్‌తో ఆ నగరం మారిపోయిన మాట నిజం. సముద్రానికీ ఊరికీ మధ్య అడ్డంగా ఉన్న రైలు పట్టాలను, పాత ఫ్యాక్టరీలను తొలగించి, జనానికి తీరాన్ని తిరిగి ఇచ్చారు. అయితే వాళ్ల నగర ప్రణాళిక 1976 నాటిది, ఆతిథ్యం దక్కింది 1986లో. ఏం కావాలో పదేళ్ల ముందే రాసుకున్నారు, ఒలింపిక్స్‌ను దానికి డబ్బు, గడువు సమకూర్చే సాధనంగా వాడుకున్నారు. మాంట్రియల్ అలా చేయలేదు. 1976 ఒలింపిక్స్ అప్పు తీరేసరికి 2006 వచ్చింది. ముప్పై ఏళ్లు. అందుకోసం క్యుబెక్‌లో పొగాకు మీద ప్రత్యేక పన్ను వేశారు. ఆ ఏడాది పుట్టిన పిల్లవాడు పెద్దవాడై సిగరెట్టు కొన్నా అందులో కొంత స్టేడియం అప్పుకే పోయింది.

2025 నవంబరు 26న గ్లాస్గోలో జరిగిన సమావేశంలో 2030 కామన్వెల్త్ క్రీడలను అహ్మదాబాదుకు ఇచ్చారు. లక్షా ముప్పై రెండు వేలమంది పట్టే స్టేడియం ఆ నగరంలో ఇప్పటికే ఉంది. 2036 ఒలింపిక్స్ కూడా మనకే కావాలని దేశం అడుగుతోంది. రావాలి. నేను ఆటలు వద్దనే మనిషిని కాను. సున్నపు గీత మీద పరిగెత్తినవాణ్ణి, మన గడ్డ మీద ఒలింపిక్ జ్యోతి వెలిగితే నా కంట నీళ్లు తిరుగుతాయి. 2003లో మన టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా పదహారేళ్ల వయసులో మన నగరంలో, మన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో నాలుగు స్వర్ణాలు గెలిస్తే గ్యాలరీలు ఎలా ఊగాయో చూసినవాళ్లకు తెలుసు. ఆ సంతోషానికి లెక్కకట్టకూడదు.

లెక్కకట్టాల్సినవి వేరే ఉన్నాయి. క్రీడలకు ఆతిథ్యం కోరే ఏ ప్రభుత్వమైనా, రేపు అది తెలంగాణ కావచ్చు, ఆంధ్రప్రదేశ్ కావచ్చు, బిడ్ కాగితంతో పాటే కొన్ని కాగితాలు జనం ముందు పెట్టాలి. కట్టబోయే ప్రతి స్థలం సర్వే నంబరు, ఇవాళ అది ఎవరి అనుభవంలో ఉంది, ఆటలయ్యాక ఎవరి పేరు మీద ఉంటుంది అన్నది ఒకటి. పనిలోకి దిగే ప్రతి కూలీ పేరు, కూలి రేటు, నేరుగా బ్యాంకు ఖాతాలో పడిన మొత్తం, పనిస్థలం గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. ఆ రూపాయి కోత మళ్లీ ఎవరి చేతా చేయనివ్వకూడదు. ఇక ఆటలు ముగిసిన మర్నాటి నుంచి పదేళ్ల వరకు ఆ స్టేడియం వేళలు, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు రిజర్వు చేసిన గంటలు, నిర్వహణకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే జీవో ఇవ్వాలి. ఆటలకు ముందే ఇవ్వాలి. ఆటలయ్యాక ఎవరూ ఇవ్వరు.

చివరిగా మా స్కూలు గ్రౌండు సంగతి. మాస్టారు రిటైరైన కొన్నాళ్లకు ఒక కార్యాలయం భవనం కోసం అందులో ఒక మూల తీసుకున్నారు. తర్వాత వాటర్ ట్యాంకు. ఆ తర్వాత పెద్దవాళ్లు వచ్చినప్పుడల్లా హెలికాప్టరు దిగడానికి మధ్యలో కాంక్రీటు పోశారు. రెండు వందల మీటర్ల చుట్టు ఇప్పుడు పట్టదు. మాస్టారు చివరి రోజుల్లో నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపించారు, అడుగులతో కొలిచారు. నూట నలభై మీటర్లు వచ్చింది. "ఇప్పుడు కూడా గీయొచ్చు, వంపు దగ్గర కాస్త ఇరుకవుతుంది, అంతే" అన్నారు.

వచ్చే ఆదివారం మీరు మీ ఊళ్లోని స్టేడియానికి వెళ్లండి. వీలైతే ఒక బడిపిల్లను వెంట తీసుకెళ్లండి. గేటు దగ్గర ఆగి మాస్టారు అడిగిన మూడు ప్రశ్నలూ అడగండి. తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఎన్నింటికి తీస్తారు, పిల్లల దగ్గర ఎంత తీసుకుంటారు. వచ్చిన జవాబు ఒక కాగితం మీద రాసి ఈ నిధి నిర్వాహకులకు పంపండి. ఆ కాగితాలన్నీ కలిపి వచ్చే ఏడు ఇదే సభలో చదువుతామని వాళ్లు నాకు మాటిచ్చారు.